పాత సీడీల్లో పాఠాలు, కొత్త బ్రౌజర్లు: ఒక ల్యాబ్ ప్రాజెక్టు డైరీ

సోమవారం

గుంటూరు జిల్లాలో ఒక ఎయిడెడ్ హైస్కూలు. ల్యాబ్‌కి కొత్త కంప్యూటర్లు వచ్చాయి, అన్నీ విండోస్ 11. ఒక మూల ఉబుంటు సర్వర్, అందులో మూడుల్ అనే, పాఠాలూ మార్కులూ చూసుకునే సైటు. నెట్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. పాత మెషీన్లు బయటికి తీస్తుంటే బీరువాలో సీడీల పెట్టె దొరికింది. హైస్కూలు తరగతుల సైన్సు, లెక్కలు, తెలుగు మీడియం. తయారు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అట్ట మీదున్న ఫోన్ నంబరు పనిచేయడం లేదు.

సైన్సు మేడమ్ పెట్టె చూసి వదల్లేదు. "గుండె పాఠం, కటకాల పాఠం చాలా బాగుంటాయండీ. పిల్లలు కవాటం మీద నొక్కితే రక్తం ఎటు పోతుందో కదులుతూ కనిపిస్తుంది. వీడియోలో ఆ నొక్కడం ఉండదు కదా. అవి మళ్లీ నడిపించగలరా?"

సీడీ పెట్టి మొదటి పేజీ తెరిచాను. ఎడ్జ్‌లో ఒక ఎర్ర డబ్బా వచ్చింది: ఫ్లాష్ ప్లేయర్ 7 లేదు, ఇక్కడ నొక్కి దించుకోండి అని. పేజీలో కదిలే బొమ్మలు ఆడించే ప్రోగ్రాము అది. నొక్కితే దాని కంపెనీ మాక్రోమీడియా చిరునామాకి పోతుంది. ఆ మాక్రోమీడియాని 2005 డిసెంబరులోనే అడోబీ కొనేసింది.

ఈ కథ ఎలా ముగిసిందో చాలామందికి సగమే గుర్తుంటుంది. బ్రౌజర్‌లోకి బయటి ప్రోగ్రాము, అంటే ప్లగిన్, దూరడానికి నెట్‌స్కేప్ రోజుల్లో పెట్టిన ద్వారం పేరు ఎన్‌పీఏపీఐ. క్రోమ్ దాన్ని 2015 ఏప్రిల్‌లో మూసేసి (కావాలంటే సెట్టింగులో తెరుచుకోవచ్చు), సెప్టెంబరులో 45వ వెర్షన్‌తో పూర్తిగా తీసేసింది. ఫైర్‌ఫాక్స్ 2017 మార్చిలో 52వ వెర్షన్‌తో ఫ్లాష్ ఒక్కదాన్నే ఉంచి మిగతావన్నీ ఆపింది. జావా యాప్లెట్లు, సిల్వర్‌లైట్, షాక్‌వేవ్ అన్నీ ఆ దెబ్బకే పోయాయి. ఫ్లాష్‌కి 2020 డిసెంబరు 31 వరకు గడువిచ్చారు. 2021 జనవరి 12 నుంచి ప్లేయరే పాఠం నడపనని మొరాయిస్తుంది. అంటే బ్రౌజర్ ఒప్పుకున్నా ప్లేయర్ ఒప్పుకోదు.

ముందు సీడీలన్నిటినీ ఇమేజ్ ఫైళ్లుగా సర్వర్లోకి ఎక్కించాను. గీతలు పడినవాటిని, పాడైన డిస్కుల్లోంచి సమాచారం లాగే డీడీరెస్క్యూకి అప్పగించి రాత్రంతా వదిలేశాను.

మంగళవారం: లోపల ఏముంది

రిపేరు మొదలుపెట్టే ముందు సరుకు లెక్క తేలాలి. ఫ్లాష్ పాఠం ఉండేది ఎస్‌డబ్ల్యూఎఫ్ ఫైల్లో. దాని మొదటి మూడు అక్షరాలు చూస్తే సగం తెలిసిపోతుంది. ఎఫ్‌డబ్ల్యూఎస్ అంటే కుదించనిది. సీడబ్ల్యూఎస్ అంటే జిప్‌లో వాడే పద్ధతితోనే కుదించింది, ఇది ఫ్లాష్ 6 నుంచి ఉంది. జడ్‌డబ్ల్యూఎస్ అంటే బాగా తర్వాతి కాలంది. నాలుగో బైటు వెర్షన్ నంబరు. అది 8 లేదా అంతకన్నా తక్కువైతే లోపలున్నది ఫ్లాష్ సొంత ప్రోగ్రామింగ్ భాష యాక్షన్‌స్క్రిప్ట్‌లో పాతది, అంటే 1 లేదా 2. 9 లేదా అంతకన్నా ఎక్కువైతే మూడో యాక్షన్‌స్క్రిప్ట్ అయ్యుండొచ్చు. అది వచ్చింది 2006లో, ఫ్లాష్ ప్లేయర్ 9తో. దాన్ని నడిపే యంత్రాంగమే వేరు కాబట్టి ఈ తేడా ముందే తెలియాలి. అనుమానం ఉన్న ఫైళ్లని జేపెక్స్ అనే డీకంపైలర్‌లో తెరిచి చూశాను. ఉచితం, స్క్రిప్టు కూడా చూపిస్తుంది.

మా పెట్టెలో ఎక్కువ భాగం 6, 7 వెర్షన్లే. ఫిజిక్స్‌లో కొన్ని 9. కటకాల పాఠం జావా యాప్లెట్. సౌర కుటుంబం మాత్రం డైరెక్టర్ అనే మాక్రోమీడియా ప్రోగ్రాములో చేసినట్టుంది, చివర డీసీఆర్ అని ఉంది. ఒకే పెట్టెలో మూడు రకాల ప్లగిన్లు. అప్పట్లో ఎవరికి ఏది వస్తే దాంతో చేసేసేవాళ్లు.

బుధవారం: ఏ దారి

హెడ్‌మాస్టర్ గారికి ఎవరో చెప్పారట, ఎడ్జ్‌లో ఐఈ మోడ్, అంటే పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లా నడిచే పద్ధతి, పెడితే అన్నీ పనిచేస్తాయని. ఈ మాట చాలాచోట్ల విన్నాను. ఐఈ మోడ్‌లో పాత యాక్టివ్‌ఎక్స్ కంట్రోళ్లు, అంటే ఐఈ ప్లగిన్లు, నడుస్తాయి, నిజమే. కానీ ఫ్లాష్ కంట్రోల్ ఆ మెషీన్లో ఉండాలి కదా! విండోస్ 10లో ఉన్న ఫ్లాష్‌ని మైక్రోసాఫ్టే ఒక అప్‌డేట్‌తో పీకేసింది, విండోస్ 11లో మొదటి నుంచీ లేదు. కాబట్టి ఐఈ మోడ్ వల్ల ఆఫీసు పోర్టళ్లకి మేలు గానీ ఫ్లాష్ పాఠానికి ఒరిగేదేమీ లేదు.

రెండో సలహా: గడువు తేదీ లేని పాత ప్లేయర్, పాత ఫైర్‌ఫాక్స్ ఎక్కడినుంచైనా దించి పెట్టడం. ఎవరు పెట్టారో తెలియని ఫైలుని పిల్లల ల్యాబ్‌లో ఎక్కించడానికి నాకు మనసొప్పలేదు. ఫ్లాష్‌ని ఆపిందే భద్రత లోపాల వల్ల. వర్చువల్ మెషీన్లో ఎక్స్‌పీ పెట్టి నడపొచ్చు, కానీ పిల్లవాడు పాఠం తెరవాలంటే ముందు ఎక్స్‌పీ లేచేదాకా కూర్చోవాలి.

అడోబీ విడిగా ఇచ్చిన ప్రొజెక్టర్ ప్రోగ్రాము బ్రౌజర్ లేకుండానే ఫైలు ఆడిస్తుంది. ఆడిస్తుంది, అంతే. దాని చుట్టూ వెబ్ పేజీ ఉండదు కాబట్టి క్విజ్ మార్కులు ఎక్కడికీ పోవు. మేడమ్‌కి మార్కులు మూడుల్‌లో కనిపించాలి.

మిగిలింది రఫుల్. రస్ట్ భాషలో రాసిన ఫ్లాష్ ఎమ్యులేటర్, అంటే ఫ్లాష్ ప్లేయర్ పని తాను చేసిపెట్టే ప్రోగ్రాము. బ్రౌజరే నేరుగా నడపగల వెబ్‌అసెంబ్లీ కోడ్‌గా మారి బ్రౌజర్ లోపలే నడుస్తుంది, ప్లగిన్ అవసరం లేదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2020 నవంబరులో పాత ఫ్లాష్ ఆటలు, యానిమేషన్లు నిలబెట్టింది దీంతోనే. యాక్షన్‌స్క్రిప్ట్ 1, 2 దీని చేతిలో బాగా నడుస్తాయి. మా పెట్టెలో ఎక్కువున్నవి అవే. ఫైళ్లు ఒకసారి సర్వర్లో పెట్టుకుంటే నెట్ కూడా అక్కర్లేదు. ఇదే ఖాయం చేశాను.

గురువారం: గేటు దగ్గర గొడవ

ఫోల్డర్‌లోంచి నేరుగా పేజీ తెరిస్తే రఫుల్ లేవదు. డిస్కు మీది ఫైలుని అలా చదవడానికి బ్రౌజర్ ఒప్పుకోదు, వెబ్ సర్వర్ నుంచి రావాలి. మన వెబ్ సర్వర్ ప్రోగ్రాము అపాచీకి వాస్మ్ (వెబ్‌అసెంబ్లీ) ఫైలు ఏ రకమో చెప్పే లైను లేదు, చేర్చాను. ఒక ఖాళీ పేజీలో గుండె పాఠం పెట్టి తెరిచాను. కర్ణికలు, జఠరికలు, నీలం నుంచి ఎరుపుకి మారే రక్తం, వెనక ఒక ఆడ గొంతు వ్యాఖ్యానం, అన్నీ వచ్చేశాయి. ప్లేయర్ మార్చడం ఒక పూట పని.

అసలు పని ఆ తర్వాత మొదలైంది. సీడీలో ఉన్న పేజీ ద్వారా వెళ్తే మళ్లీ అదే ఎర్ర డబ్బా. పాఠం దాకా పోనివ్వదు. పేజీలో ప్లేయర్ ఉందా లేదా అని తనిఖీ చేసే స్క్రిప్టు ఉంది, గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిది. రఫుల్ చాలా మర్యాదగా, ఫ్లాష్ 32 ఉన్నట్టు బ్రౌజర్ చేత చెప్పిస్తుంది. కానీ ఈ స్క్రిప్టు వెర్షన్‌లో చుక్కకి ముందున్న ఒక్క అంకెనే తీసుకుంటుంది. 32.0లో చుక్కకి ముందున్నది 2. రెండు ఏడుకన్నా తక్కువ, కాబట్టి పో అంటుంది. ఫ్లాష్ 10 వచ్చిన 2008లోనే ఇలాంటి స్క్రిప్టులు చాలా సైట్లలో బోర్లాపడ్డాయి. రాసినవాళ్లు రెండంకెల వెర్షన్ వస్తుందని ఊహించలేదు.

ఆ స్క్రిప్టు కింద ఇంకొకటి. ఫ్లాష్‌ని పేజీలో నేరుగా పెట్టకుండా జావాస్క్రిప్ట్‌తో రాయించే ఫైలు. అడోబీయే పంచిన ఫైలు అది, ఆ కాలపు సైట్లన్నిట్లో ఉండేది. దాని వెనక కోర్టు కథ ఉంది. పేజీలో ప్లగిన్ నడపడం తమ పేటెంటు అని ఇయోలాస్ అనే సంస్థ మైక్రోసాఫ్ట్ మీద కేసు వేసింది. 2003లో జ్యూరీ 52 కోట్ల డాలర్లకు పైగా పరిహారం చెప్పింది. ఆ కేసు పూర్తిగా తేలకముందే 2006లో మైక్రోసాఫ్ట్ ఐఈని మార్చింది. ప్రతి ఫ్లాష్ బొమ్మనీ ముందు ఒకసారి నొక్కితే గానీ అది మన నొక్కుళ్లకి స్పందించదు. ఆ నొక్కుడు తప్పించుకోవడానికే ఈ జావాస్క్రిప్ట్ తిప్పలు. అమెరికా కోర్టులో కేసు, దాని తోక గుంటూరు జిల్లా బీరువాలో.

ఇలాంటివి ఒక్కొక్కటే సరిచేస్తూ కూర్చోవడం దండగ. పాఠాల ఫైళ్లు ఉంచి చుట్టూ ఉన్న పేజీలన్నీ పక్కన పడేశాను. నేనే ఒక కొత్త పేజీ రాశాను: పైన పాఠం పేరు, మధ్యలో రఫుల్, కింద క్విజ్‌కి వెళ్లే బటన్. అన్ని పాఠాలకీ అదొక్కటే.

శుక్రవారం

చిన్న అక్షరాలు, పెద్ద అక్షరాల గోల. విండోస్‌కి రెండూ ఒకటే, లినక్స్‌కి వేరు. సీడీలో పేరు మొత్తం పెద్ద అక్షరాల్లో ఉంటే, పాఠం లోపలి స్క్రిప్టు చిన్న అక్షరాల్లో పిలుస్తుంది. ఫైళ్ల పేర్లు మార్చడం తేలికే గానీ ఎస్‌డబ్ల్యూఎఫ్ లోపల రాసున్న పేర్లు మార్చాలంటే ఒక్కొక్కటీ విప్పాలి. అపాచీలో మాడ్ స్పెలింగ్ అని ఒక మాడ్యూల్ ఉంది, కేసు తేడాలు మాత్రమే సర్దమని చెప్పొచ్చు. అది పెట్టాక సమస్య లేదు.

శని, ఆదివారాలు: అక్షరాలు

ఇది అన్నిటికన్నా ఎక్కువ సమయం తిన్న భాగం, కొంచెం వివరంగా రాసుకుంటున్నాను.

పాఠంలో తెలుగు మూడు రకాలుగా ఉంది. కొన్నిచోట్ల అక్షరాలని బొమ్మలుగా విడగొట్టేశారు. అవి ఎక్కడైనా అలాగే కనిపిస్తాయి. కొన్నిచోట్ల ఫాంటుని ఫైల్లోనే పొదిగారు. అవీ బాగున్నాయి. క్విజ్‌లు మాత్రం వేరు. ప్రశ్నలు బయట ఒక టెక్స్ట్ ఫైల్లో ఉంటాయి, పాఠం వాటిని చదివి, కంప్యూటర్లో ఉన్న ఫాంటుతో చూపిస్తుంది. ఆ ఫాంటు పేరు "అను". ఇప్పుడు ఆ ఫాంటు లేదు కాబట్టి తెరమీద ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు కలిసిన పిచ్చి రాత. మేడమ్ చూసి, "ఇది వైరస్సా?" అని టెన్షన్ పడ్డారు.

డీటీపీ చేసినవాళ్లకి ఇది తెలిసిన సంగతే. ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే యూనికోడ్ వాడుకలోకి రాకముందు తెలుగు ముక్కలని, అంటే తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు, అన్నిటినీ ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో పేర్చి ఫాంటు చేసేవారు. ఫాంటు ఉన్నంతసేపు తెలుగు, తీసేస్తే గజిబిజి.

అను ఫాంటు అన్ని మెషీన్లలో వేస్తే సరిపోదా? సరిపోలేదు. రఫుల్ నడిచేది బ్రౌజర్ లోపల. దానికి ఫాంటు ఇవ్వాలంటే ఫాంటు పొదిగిన ఎస్‌డబ్ల్యూఎఫ్‌ని విడిగా తయారుచేసి చూపించాలి. అది సాధ్యమే, కానీ అను లైసెన్సు ఉన్న ఫాంటు, అలా పంచడానికి లేదు. పైగా అలా చేసినా ఆ ప్రశ్నలు వెతకడానికి, కాపీ చేయడానికి, దిద్దడానికి పనికిరావు.

ప్రశ్నలని యూనికోడ్‌కి మార్చి అదే ఫ్లాష్ డబ్బాలో పెడితే? ఒక పాఠంలో చేసి చూశాను. గుణింతాలు విడివిడిగా, వత్తులు పక్కకి జారి కనిపించాయి. పాత ఫ్లాష్ టెక్స్ట్ డబ్బా తెలుగు అక్షరాలని కలిపి పేర్చదు.

అందుకే క్విజ్‌లని ఫ్లాష్ నుంచి పూర్తిగా బయటికి తీసి హెచ్‌టీఎంఎల్‌లో రాయాలని నిర్ణయం. అక్షరాల సంగతి బ్రౌజర్ చూసుకుంటుంది. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మామూలు పదాలు సరిగానే మారుస్తాయి. ఇబ్బంది వత్తుల దగ్గర. పాత ఫాంట్లలో అక్షరాలు కంటికి కనిపించే వరసలో ఉంటాయి, యూనికోడ్‌లో పలికే వరసలో. "ఉష్ణోగ్రత"లో కంటికి ముందు "షో" కనిపించి తర్వాత ణ వత్తు వస్తుంది. యూనికోడ్‌లో ష, పొల్లు, ణ అయ్యాక చివర ఓత్వం. "స్త్రీ" అయితే గుడి దీర్ఘం రెండు వత్తులు దాటి వెళ్లాలి. కన్వర్టర్ ఎక్కడైనా ఒక వత్తు దాటించడం మర్చిపోతే "ఉషో" అయ్యాక ణ వత్తు గాల్లో వేలాడుతుంది. సైన్సు పాఠం నిండా ఇలాంటి మాటలే: ద్రవ్యరాశి, విద్యుద్విశ్లేషణ, కిరణజన్య సంయోగక్రియ. ఒక చిన్న స్క్రిప్టు రాసి, అచ్చు గుర్తు తర్వాత నేరుగా పొల్లు వచ్చిన చోట్లన్నీ పట్టుకున్నాను. తెలుగులో అలా రాకూడదు కాబట్టి అలా ఉన్నవన్నీ తప్పులే. మిగిలినవి తెలుగు మాస్టారు ప్రింటు తీయించుకుని ఎర్ర పెన్నుతో దిద్దిచ్చారు. కన్వర్టర్‌కన్నా ఆయన వేగం ఎక్కువ.

ఫాంటు నోటో సాన్స్ తెలుగు పెట్టాను, సర్వర్లోంచే వస్తుంది. మేడమ్ ఒక కొత్త కోరిక కోరారు: పాఠ్యపుస్తకాల్లో ఇప్పుడు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటోంది కాబట్టి ప్రశ్న కింద ఇంగ్లీషులో కూడా కనిపిస్తే బాగుంటుందని. ఫ్లాష్ డబ్బాలో అయితే అసాధ్యం. ఇప్పుడు ఫైల్లో ఇంకో వరస, అంతే.

తర్వాతి మంగళవారం: మార్కులు

పెట్టె మీద "స్కార్మ్ 1.2" అని ఉంది. అమెరికా రక్షణ శాఖ కార్యక్రమం కింద 2001లో వచ్చిన ప్రమాణం. పాఠం ఎవరు చేసినా, ఏ సైటులో పెట్టినా మార్కులు ఒకే పద్ధతిలో పోవాలని. మూడుల్ దీన్ని ఇప్పటికీ చక్కగా తీసుకుంటుంది. పాత స్కార్మ్ పాఠాల్లో ప్రమాణం పాడవలేదు, దానికీ ఫ్లాష్‌కీ మధ్య వేసిన వంతెన పాడైంది. మా పాఠాల్లో ఫ్లాష్ ఎఫ్ఎస్‌కమాండ్ అని పిలిస్తే, ఐఈలోని వీబీస్క్రిప్ట్ ముక్క అది అందుకుని, జావాస్క్రిప్ట్‌కి ఇచ్చి, అది మూడుల్‌కి ఇవ్వాలి. వీబీస్క్రిప్ట్ ఇప్పటి బ్రౌజర్లలో మామూలుగా నడవదు.

క్విజ్ హెచ్‌టీఎంఎల్‌కి వచ్చేసింది కాబట్టి ఈ గొలుసంతా అక్కర్లేదు. పేజీయే మూడుల్‌తో మాట్లాడుతుంది: మొదలుపెట్టాను, మార్కు ఇదీ, దాచుకో, ముగించాను. అంతే సంభాషణ.

ఒక ఉచ్చు మాత్రం మిగిలింది, ఇది ఫ్లాష్ లేని పాత కోర్సులని కూడా పట్టుకుంటుంది. పాత పద్ధతిలో మార్కులన్నీ జేబులో పెట్టుకుని, పిల్లవాడు కిటికీ మూసేటప్పుడు ఒకేసారి పంపేవారు. క్రోమ్ 80 నుంచి, అంటే 2020 నుంచి, మూసేటప్పుడు అలా పంపడం పూర్తయ్యేదాకా పేజీని ఆపి ఉంచడం కుదరదు. పిల్లవాడు పది ప్రశ్నలు చేసి మూల ఉన్న గుర్తు నొక్కి వెళ్లిపోతాడు, మేడమ్ దగ్గర సున్నా కనిపిస్తుంది. చివర్లో పంపడం మానేసి ప్రతి జవాబుకీ అప్పటికప్పుడే పంపేలా రాశాను. కరెంటు పోయినా అప్పటిదాకా చేసినవి ఉంటాయి. మా ఊళ్లో ఇదే పెద్ద లాభం.

ఎక్కడ ఆపారో గుర్తుంచుకునే గడిలో 4,096 అక్షరాలే పడతాయి. మన క్విజ్‌కి అవి చాలు.

బుధవారం: మిగతా రెండు ప్లగిన్లు

జావా కటకాల పాఠం. 2014 జనవరిలో వచ్చిన జావా 7 అప్‌డేట్ 51 నుంచి డిజిటల్ సంతకం లేని యాప్లెట్లని జావాయే మామూలుగా ఆపేయసాగింది. 2018లో జావా 11లో బ్రౌజర్ ప్లగినే లేకుండా పోయింది. చీర్ప్‌జే అనే పద్ధతితో యాప్లెట్‌ని బ్రౌజర్లోనే నడపొచ్చు, అమెరికాలో కొలరాడో బౌల్డర్ విశ్వవిద్యాలయం ఫెట్ బృందం పాత జావా సిమ్యులేషన్లకి వాడింది. కానీ దాని లోడర్ నెట్ నుంచి రావాలి, ఇక్కడ నెట్ మీద నమ్మకం లేదు. యాప్లెట్ చేసేది చాలా చిన్న పని: వస్తువుని జరిపితే ప్రతిబింబం ఎక్కడ పడుతుందో చూపించడం. జియోజీబ్రా అనే లెక్కల ప్రోగ్రాములో ఒక పూటలో అయిపోయింది. అదీ జావాలో పుట్టిందే, బ్రౌజర్లు తలుపు మూయడంతో జావాస్క్రిప్ట్‌కి మారి బతికింది.

వెర్షన్ 9 ఫిజిక్స్ పాఠాల్లో ఓమ్ నియమం దగ్గర స్లయిడర్ కదలడం లేదు. దీని వెనక పడలేదు. ఫెట్‌లో అదే నియమానికి హెచ్‌టీఎంఎల్5 సిమ్యులేషన్ ఉంది, ఒకే ఫైలుగా దించుకుని నెట్ లేకుండా నడపొచ్చు. పాతదానికన్నా బాగుంది కూడా.

సౌర కుటుంబం డైరెక్టర్ ఫైలుని ఆడించే షాక్‌వేవ్ ప్లేయర్ 2019 ఏప్రిల్‌లో ఆగిపోయింది. అదృష్టం, సీడీలోనే విండోస్ ప్రోగ్రాము రూపంలో కూడా ఉంది, విండోస్ 11లో లేచింది. అందులో నొక్కేదేమీ లేదు, గ్రహాలు తిరుగుతాయి, గొంతు చెబుతుంది. ఓబీఎస్‌తో తెర రికార్డు చేసి వీడియోగా పెట్టేశాను.

శుక్రవారం: తొమ్మిదో తరగతి పిల్లలతో

ముందు వచ్చిన ఫిర్యాదు: "సార్, సౌండ్ రావట్లేదు." క్రోమ్ 2018 నుంచి, మనం పేజీలో ఏదో ఒకటి నొక్కేదాకా శబ్దం మొదలవనివ్వదు. పాఠం తనంతట తాను మొదలవకుండా, మధ్యలో "పాఠం మొదలుపెట్టు" అని పెద్ద బటన్ పెట్టాను. నొక్కడం, గొంతు రావడం రెండూ ఒకేసారి.

రెండోది వేగం. ఒక పాత మెషీన్ ఇంకా ల్యాబ్‌లో ఉంది, దాంట్లో రక్తప్రసరణ నత్తనడక నడిచింది. రఫుల్‌లో బొమ్మ నాణ్యత తగ్గించాక ఫరవాలేదు.

మార్కులు మూడుల్‌లో వరసగా పడ్డాయి. మేడమ్ చూసిన మొదటి సంగతి, సగం క్లాసు ఒకే ప్రశ్న తప్పు రాసింది. ప్రశ్నే తప్పని తేలింది, సీడీలోనే జవాబు తప్పు. అన్నేళ్లుగా ఎవరూ పట్టుకోలేదన్నమాట.

ఇంకా మిగిలినవి

పదో తరగతి విద్యుదయస్కాంతత్వంలో ప్రశ్నలు టెక్స్ట్ ఫైల్లో లేవు, ఎస్‌డబ్ల్యూఎఫ్ లోపలే ఉన్నాయి. జేపెక్స్‌లో విప్పి తీయాలి, అవీ అను రాతే. సిలబస్ మారింది కాబట్టి విప్పేకన్నా కొత్తగా రాసుకోవడమే మేలని మేడమ్ అంటున్నారు. నాకూ అదే మంచిదనిపిస్తోంది.

పక్క ఊరి స్కూలు వాళ్లు మొత్తం ఫోల్డర్ అడిగారు. హక్కులు ఎవరివో తేలనిదే పాఠాల ఫైళ్లు ఈ ల్యాబ్ దాటించను. నేను రాసిన పేజీ, వత్తులు పట్టుకునే స్క్రిప్టు, అపాచీ సెట్టింగులు మాత్రం ఇచ్చాను. వాళ్ల దగ్గరా ఇదే పెట్టె ఉందట, కొత్తది అక్కర్లేదు.

రఫుల్ కొత్త కాపీ వచ్చినప్పుడల్లా వెంటనే మార్చను. వేసవి సెలవుల్లో ఒకసారి, ముందు ఓమ్ నియమం పాత ఫైలు పెట్టి స్లయిడర్ కదులుతోందో లేదో చూసి.